బోర్డు లేని దుకాణంలో బుట్టచేతుల గౌను

ఐదేళ్ళలోపు పిల్లలకు నూలు బట్టలు కుట్టించాలనుకునే విజయవాడ వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. తీర్పు ముందే చెప్పేస్తాను, ఓపిక లేనివాళ్ళు ఇక్కడితో ఆగిపోవచ్చు. గౌన్లు, జుబ్బాలు, నిక్కర్లు నిశ్చింతగా ఇవ్వవచ్చు. పట్టు పరికిణీ ఇవ్వకండి. వారం తిరక్కుండా చేతికి రావాలంటే అసలు ఆ గడపే తొక్కకండి.

సత్యనారాయణపురంలో ఒక మేడ కింద, మెట్ల పక్కనున్న గది అది. పేరు రాసిన బోర్డు లేదు. తలుపుకు వేలాడదీసిన అట్టముక్క మీద ‘చిన్నపిల్లల బట్టలు మాత్రమే కుట్టబడును’ అని ఉంటుంది. ‘మాత్రమే’ కింద రెండు గీతలు. పెళ్ళిళ్ళ రోజుల్లో రవికలు పట్టుకొచ్చినవాళ్ళను అక్కడ కుట్టే ఆవిడ వెనక్కి పంపడం నేను అక్కడ కూర్చుని చూశాను. రవికకు వచ్చే కూలిలో సగం కూడా జుబ్బాకు రాదు. ఎందుకమ్మా ఇలా అని అడిగితే, "రవిక ఎంత కుదిరినా అద్దం ముందు నిలబడి ఏదో ఒక వంక పెడతారు పిన్నిగారూ. పిల్లలు వేసుకుని పరిగెత్తుతారు, అంతే" అంది.

మా అమ్మాయి పుణెలో ఉంటుంది. మనవరాలికి నాలుగేళ్ళు, మనవడికి ఏడాదిన్నర. ఈ ఏడాది ఉగాది మార్చి 19న వచ్చింది కదా, పండక్కి వచ్చి వేసవి అయ్యేదాకా ఉండేలా రమ్మన్నాను. చైత్రమాసం పంచాంగంలో వసంతమే గాని, కృష్ణ ఒడ్డున ఆ సంగతి ఉదయం ఏడింటి దాకానే తెలుస్తుంది. ఏప్రిల్‌లో ఎండ నలభై డిగ్రీలకు చేరుతుంది, దానికి ఉక్కపోత తోడు. పుణెలో పొడి ఎండకు అలవాటుపడిన పిల్లలు ఇక్కడ దిగీ దిగగానే మెడ మీదా నడుము చుట్టూ చెమటకాయలతో నిండిపోతారు. పోయిన ఏడాది మా బంధువులు ఒక పెద్ద దుకాణంలో కొనిచ్చిన గౌను మనవరాలికి వేశాం. పైన వలగుడ్డ, లోపల పాలిస్టరు లైనింగు, నడుము దగ్గర మూడు పొరలు కలిసేచోట, పోగులు లేవకుండా అంచుల మీద మిషనుతో వేసే గరుకైన ఓవర్‌లాక్ కుట్టు. ఫొటోలో పిల్ల గంధర్వకన్యలాగే ఉంది. సాయంత్రానికి నడుము చుట్టూ ఎర్రటి గీత పడింది. గౌను ధర పద్దెనిమిది వందలు.

అందుకే ఈసారి గుడ్డ కొని కుట్టించాలని పట్టుబట్టాను. రైల్వే క్వార్టర్లలో ఉండే మా ఎదురింటి వాళ్ళ బంధువులావిడ ఈ దుకాణం సంగతి చెప్పింది.

గుడ్డ ఎక్కడ కొన్నానో కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ దుకాణంలో గుడ్డ దొరకదు, మనమే తెచ్చుకోవాలి. వన్‌టౌన్‌లో వస్త్రలత ఉంది గాని అది ప్రధానంగా టోకు వ్యాపారం జరిగేచోటు. గుడ్డ తాను విప్పమని అడిగి మీటరు కొంటామంటే కొందరు మొహం మీదే నవ్వుతారు. ఉదయం బేరాల వేళ కాకుండా మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళితే కాస్త తీరిగ్గా మాట్లాడతారు. పిల్లల బట్టలకు కట్‌పీసులు అమ్మేవాళ్ళే మనకు దేవుళ్ళు. మీటరు, మీటరున్నర ముక్కలు, కేంబ్రిక్, పాప్లిన్, మల్లుగుడ్డ గుట్టలుగా ఉంటాయి. అచ్చమైన నూలు అని నోటితో చెప్పేదాన్ని నమ్మకండి. అంచు నుంచి రెండు పోగులు లాగి ఇంటికొచ్చి కాల్చండి. నూలు కాగితం కాలిన వాసనతో మెత్తటి బూడిదవుతుంది. పాలిస్టరు కలిస్తే కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. నేను తెచ్చిన నాలుగు ముక్కల్లో ఒకటి పూసకట్టింది. దాన్ని దిండు గలీబుకు తీసిపెట్టాను.

మనవరాలి పండగ గౌనుకు మాత్రం మంగళగిరి నూలే కావాలనుకున్నాను. గుంటూరు బస్సెక్కి మంగళగిరిలో దిగి, చేనేత ముద్ర ఉన్నచోట మామిడిపండు రంగు గుడ్డ, రెండు పక్కలా సన్నని నిజాం అంచుతో, అంటే మంగళగిరి నేతలో వచ్చే జరీ అంచుతో, మీటరుంబావు తీసుకున్నాను. పన్నా, అంటే గుడ్డ వెడల్పు, 46 అంగుళాలు. నేలలో గుంత తీసి అమర్చే గుంతమగ్గం మీద నేసిన ఆ నూలు ఒళ్ళంతా సాదాగా ఉంటుంది, పనితనమంతా అంచులోనే కనిపిస్తుంది. సన్నటి పోగు, గట్టి నేత. పిల్లలు ఎంత దొర్లినా తట్టుకుంటుంది, గాలీ ఆడుతుంది.

దర్జీ ఆవిడ ఆ గుడ్డ చేతిలోకి తీసుకోగానే అడిగిన మొదటి ప్రశ్న "తడిపారా?" అని. తడపలేదంటే టేపు ముట్టుకోలేదు. కొత్త నూలు మొదటి తడికి నూటికి మూడు నుంచి ఐదు వంతుల దాకా కుదించుకుపోతుంది. పెద్దవాళ్ళ చీరకు అదొక లెక్క కాదు గాని, పదిహేను అంగుళాల పొడవున్న గౌను కింది భాగానికి ముప్పావు అంగుళం పోతే మోకాలి పైకి ఎక్కుతుంది. రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పిండకుండా నీడన ఆరేసి, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేసి తెమ్మంది. రంగు ఆగడానికి ఉప్పు వెయ్యనా అంటే వద్దంది. ఆవిడ చెప్పింది నిజమే. అద్దకం తొట్టిలో రంగు పోగుకు పట్టడానికి ఉప్పు సాయం చేస్తుంది గాని, అద్దకం అయిపోయాక మన బకెట్‌లో వేసే గుప్పెడు ఉప్పు రంగును కట్టిపడేయదు. మా అమ్మ చేసిందని నేనూ ఇన్నేళ్ళూ వేస్తూనే వచ్చాను. ఇకముందు కూడా వేస్తానేమో, అది వేరే సంగతి.

తరవాత కొలతలు. పిల్లలు ఊళ్ళో లేరు కాబట్టి అమ్మాయి ఫోనులో అంకెలు పంపింది. ఆవిడ వాటిని పక్కన పెట్టేసింది. "కదిలే పిల్లను పట్టుకుని కొలిచిన కొలత నేను నమ్మను. ఇప్పుడు సరిగ్గా పడుతున్న గౌను ఒకటి, జుబ్బా ఒకటి పంపించమనండి. ఉతికినవే." పార్సిలులో వచ్చినవాటిని బల్ల మీద పరచి, చంక కింద నుంచి చంక కిందకు, భుజం నుంచి నడుముకు కొలుచుకుంది. ఒక్క కొలత మాత్రం ఫోనులోదే కావాలంది: మనవడి తల చుట్టుకొలత. పిల్లవాడి తల కొలిచే దర్జీని నేనింతవరకు చూడలేదు. అడిగితే, ఏడాదిన్నర పిల్లవాడికి తలా ఛాతీ ఇంచుమించు ఒకే కొలతలో ఉంటాయి, మెడ అందంగా కుదిరిందని మురిసిపోతే ఆ జుబ్బా తల దాటి దిగదు అని చెప్పింది. మావాడి తల పద్దెనిమిదిన్నర అంగుళాలు, ఛాతీ పందొమ్మిది. అందుకని మెడ చిన్నగా ఉంచి, ఎడమ భుజం మీద తెరుచుకునేలా కుట్టింది. వెనక గుండీలు పెట్టలేదు. పిల్లలు పడుకున్నప్పుడు వీపులో గుచ్చుకుంటాయట.

నేను లెక్కల టీచరుగా రిటైరైనదాన్ని. ఈవిడ కత్తిరింపు చూస్తుంటే నాకు వేడుకగా ఉంది. అంచున్న గుడ్డతో ఒక చిక్కు ఉంటుంది. అంచు గుడ్డ పొడవు వెంబడి నడుస్తుంది, మనకేమో గౌను కింద చుట్టూ కావాలి. కాబట్టి గుడ్డను అడ్డంగా తిప్పి, గౌను పొడవును పన్నాలోంచి తీసుకోవాలి. అంచు కింద ఉంటే దాన్ని మడిచి కుట్టలేం. మడవకపోతే పిల్ల పెరిగినప్పుడు విప్పి పొడవు చెయ్యడానికి గుడ్డ ఉండదు. చాలామంది దర్జీలు ఇక్కడ అంచును కత్తిరించి విడిగా అతుకుతారు. ఈవిడ అంచును అలాగే ఉంచి, దానికి రెండు అంగుళాల పైన గుడ్డను మడతపెట్టి కుట్టే టక్కులు రెండు వేసింది. ఒక్కో టక్కు అర అంగుళం లోతు, అంటే ఒక్కో అంగుళం గుడ్డ అందులో దాగి ఉంటుంది. చూడ్డానికి అలంకారంలా ఉంటాయి, వచ్చే ఉగాదికి ఒకటి, ఆపై ఏడాది ఇంకొకటి విప్పుకోవచ్చు. మా చిన్నప్పుడు పరికిణీలకు వేసేవాళ్ళు. ఇప్పుడు ఎవరు వేస్తున్నారు?

తడిపాక పన్నా 45 అంగుళాలైంది. గౌను కింది భాగానికి టక్కులతో సహా పద్దెనిమిది పోయాయి. మిగిలిన ఇరవై ఏడులో పది అంగుళాల పట్టీలోంచి పైభాగం, బుట్టచేతులు. ఇంకా పదిహేడు అంగుళాల పట్టీ రెండో అంచుతో మిగిలింది. అందులో మనవడి జుబ్బా, కింద అదే నిజాం అంచుతో. మీటరుంబావులో అక్కకూ తమ్ముడికీ జోడీ బట్టలు! నేను రెండు మీటర్లు కొందామనుకుని ఆగాను గాని, కొని ఉంటే ఈ తమాషా చూసేదాన్ని కాదు. మిగిలిన ముక్కలన్నీ, అగ్గిపెట్టె అంతవి కూడా, సంచిలో వేసి తిరిగిచ్చింది. దర్జీ దగ్గర నుంచి ముక్కలు వెనక్కి రావడం నాకు ఇదే మొదలు.

ఇక అసలు సంగతి. పిల్లల బట్ట ఎలా ఉందో చూడాలంటే దాన్ని తిరగేసి చూడాలి. పైన లేసులూ పూలూ ఎవరైనా పెడతారు. చర్మానికి తగిలేది లోపలి పక్క. ఈవిడ కుట్టిన గౌనును తిరగేసి కూడా తొడగవచ్చు, తప్పేమీ కనిపించదు. పక్క కుట్లు ముందు మంచి వైపు కుట్టి, తిప్పి, అంచులు లోపల దాగేలా రెండోసారి కుట్టింది. పోగులు లేచే చోటు ఎక్కడా లేదు. మెడకూ చంకలకూ అదే గుడ్డ కాకుండా పాత మల్లుగుడ్డను ఏటవాలుగా కత్తిరించిన పట్టీ లోపలికి మడిచింది. ఏటవాలు ముక్క సాగుతుంది కాబట్టి గుండ్రటి మెడ దగ్గర ముడత పడలేదు. నడుము దగ్గర కుచ్చులు ఒత్తుగా చేరేచోట వాటి మీద మెత్తటి పట్టీ కప్పింది. పోయిన ఏడాది గీత పడింది సరిగ్గా అక్కడే. నేను ఆ మాట ఆవిడకు చెప్పనే లేదు, అయినా ఆ జాగా ఆవిడకు ముందే తెలుసు.

బుట్టచేతులకు ఎలాస్టిక్ పెట్టదు. చేతి కొలతకు అంగుళంన్నర వదులుగా పట్టీ కుడుతుంది. నిక్కర్ల నడుముకు మాత్రం ముప్పావు అంగుళం వెడల్పు మెత్తటి ఎలాస్టిక్, అదీ నడుము కొలతకంటే అంగుళం మాత్రమే తక్కువ. లోపల చిన్న సందు వదిలి కుడుతుంది, ఎలాస్టిక్ వదులైతే మనమే పిన్నీసుతో లాగి మార్చుకోవచ్చు. మెడ దగ్గర బొందులు ఎవరడిగినా పెట్టదు. నా ముందే ఒకావిడ పిల్ల జాకెట్టుకు వెనక పొడవాటి తాళ్ళూ, చివర గంటలూ కావాలని చాలాసేపు వాదించింది. ఉయ్యాలకో, జారుడుబల్లకో తాడు చిక్కుకుంటే ఏమవుతుందో దర్జీ ఆవిడ ఒక్క వాక్యంలో చెప్పింది, వాదన ఆగిపోయింది. ఐరోపా దేశాల్లో ఏడేళ్ళలోపు పిల్లల బట్టలకు మెడ దగ్గర, టోపీ దగ్గర తాళ్ళు ఉండకూడదని ప్రమాణమే ఉంది. ఈ గదిలో అట్టముక్క మీద అది రాసి లేదు గాని అమలవుతోంది. గుండీలు కుట్టాక ఒక్కొక్కదాన్నీ పట్టుకుని గట్టిగా లాగి చూస్తుంది. ఊడి నోట్లోకి పోతే ఊపిరి ఆడదు కదా.

పెడన కలంకారీ ముక్క ఒకటి కూడా ఇచ్చాను, చిన్న చిన్న కొమ్మలూ మొగ్గలూ ఉన్న అచ్చు. మావాడికి జుబ్బా అనుకున్నాను. ఆవిడ వాసన చూసి, తడిచేత్తో రుద్ది చూసి, "దీంతో నిక్కరు కుడతాను, పైకి వద్దు" అంది. కరక్కాయలో నానబెట్టి, ఇనుమూ బెల్లంతో చేసిన నలుపు, పటికతో పట్టించిన ఎరుపు అచ్చులు వేసి, కాలువ నీళ్ళలో ఉతికే పద్ధతి అది. మంచి గుడ్డే. కాని మొదట కొన్ని ఉతుకుల్లో రంగు కొంత వదులుతుంది, ఏడాదిన్నర పిల్లవాడేమో పళ్ళు వస్తున్నాయని మెడ పట్టీ నములుతూనే ఉంటాడు. నిక్కరును నమలలేడు. ఈ తర్కానికి నా దగ్గర జవాబు లేదు.

లోపాలు చెప్పకపోతే పొగడ్త అవుతుంది. ఇచ్చిన తేదీకి ఇవ్వదు. పండక్కి నాలుగు రోజుల ముందు అని చెప్పింది ముందు రోజు రాత్రికి ఇచ్చింది. ఆ రాత్రి కరెంటు పోయి, మోటారు ఆగి, పాత ఉషా మిషనును కాలితో తొక్కుతూ ముగించింది. నేను విసనకర్రతో పక్కన కూర్చున్నాను. అంత హడావిడి లేకుండా, చెయ్యగలిగినంత పనే ఒప్పుకోవచ్చు. రసీదు లేదు, చిన్న నోటుబుక్కులో తన గుర్తులు తనకే అర్థమవుతాయి. మూడు పనులున్న సంచి ఎవరిదో కాసేపు తెలియక నా కలంకారీ ఇంకొకరికి వెళ్ళబోయింది. ఫోను ఎత్తదు. ఇస్త్రీ మొక్కుబడి. ఇక ఆ పసుపురంగు జిగ్‌జాగ్ లేసు మీద ఆవిడకు ఎంత మక్కువో చెప్పలేను. వద్దని ముందే గట్టిగా చెప్పకపోతే ప్రతి గౌను మెడకూ చుట్టేస్తుంది. జేబు కూడా అడిగితేనే పెడుతుంది. ఆడపిల్లకు జేబెందుకు అన్నట్టు నా వైపు చూసింది. మా మనవరాలు చింతగింజలు, సుద్దముక్కలు, ఒకసారి బతికున్న నత్తను కూడా దాచుకునే మనిషి. పెట్టించాను, కుడి పక్క కుట్టులో కలిసిపోయేలా కుట్టింది. బాగా కుదిరింది.

పట్టు పరికిణీ సంగతి. నా పాత పట్టుచీర కొంగులోంచి ఒకటి కుట్టించాను. నూలు గుడ్డకు వాడే పద్నాలుగో నంబరు సూదితోనే పట్టూ కుట్టేసింది. కుట్టు వెంబడి చిన్న చిన్న రంధ్రాలు కనిపిస్తాయి, జాకెట్టు పక్కలు దారం లాగినట్టు ముడుచుకుపోయాయి. పట్టుకు తొమ్మిదో పదకొండో నంబరు సన్న సూది వెయ్యాలి, కుట్టు చిన్నగా రావాలి, దారం బిగువు తగ్గించాలి. చెబితే ఒప్పుకుంది. కూలి తీసుకోలేదు, కాని చీర కొంగు తిరిగిరాదు కదా. పట్టుకు వేరే దర్జీని చూసుకోండి.

కూలి సంగతి: టక్కులూ లోపలి పట్టీలతో నూలు గౌనుకు 350, లైనింగు వేస్తే 420. మల్లుగుడ్డ పలచగా కనిపిస్తుంది గనక పైభాగానికి లైనింగు తప్పదు. జుబ్బాకు 150, నిక్కరుకు 120. ఓవర్‌లాక్ వేసి గబగబా ఇచ్చేచోట గౌను రెండు వందలకే కుడతారు. నా లెక్కలో ఆ నూట యాభై తేడా లోపలి కుట్టు ఖరీదు, అది సబబే. రెండేళ్ళు వేసుకోగలిగే గౌను గుడ్డతో కలిపి ఏడు వందల లోపు పడింది.

మే నెల వచ్చింది, బట్టలు రోజు విడిచి రోజు ఉతుకుతున్నాం. మంగళగిరి గౌను రంగు కొంచెం పాలిపోయింది, ఎండలో తిరగేసి ఆరేయమన్న మాట మా పనిమనిషి మరిచిపోయిన రోజుల వల్ల కావచ్చు. కుట్టు ఒక్కటీ వదల్లేదు. కలంకారీ నిక్కరు మొదటి నాలుగు ఉతుకులూ బకెట్టు నీళ్ళను టీ రంగు చేసి ఊరుకుంది. మల్లుగుడ్డ జుబ్బాలో ఒకదానికి భుజం గుండీ దగ్గర కాజా పోగులు లేచాయి. తీసుకెళితే డబ్బు అడగకుండా అక్కడే నిలబెట్టి చేత్తో మళ్ళీ కుట్టిచ్చింది. మనవరాలి నడుము మీద ఈసారి గీత లేదు. మెడ మీద చెమటకాయలు మాత్రం వచ్చాయి, దానికి దర్జీ ఏం చేస్తుంది, విజయవాడ కదా.

వెళ్ళేవాళ్ళు గుడ్డ తడిపి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి తీసుకెళ్ళండి. మీ పేరు రాసిన కాగితం గుడ్డకు పిన్నీసుతో గుచ్చండి. సంచికి కాదు, గుడ్డకే. గుండీలు మీవే తీసుకెళితే మంచిది, ఆవిడ దగ్గరవి అన్నీ తెలుపే. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా తలుపు వేసి ఉంటుంది, కొట్టకండి. నగదు తీసుకెళ్ళండి. దసరాకు కావాలంటే భాద్రపదం మొదట్లోనే ఇచ్చెయ్యాలి, ఆ తరవాత ఇస్తే దీపావళికి వస్తుంది.